గోల్‌కీపర్ వాళ్ళమ్మ సీటు

ఆ రోజుల్లో అమెరికాలోని పార్సిప్పనీలో ఒకే ఫ్లాట్‌లో ఉండే మా ఆరుగురికీ ఫుట్‌బాల్ గురించి తెలిసిందల్లా బంతిని కాలితో తన్నాలని. క్రికెట్ అయితే నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. అలాంటి వాళ్ళం ఒక దేశం పరువు నిలబెట్టడానికి బయల్దేరామంటే మా ధైర్యాన్ని మెచ్చుకోవాలి. (దేశం పేరు చెప్పను. చెప్పినా మ్యాప్‌లో వెతుక్కోవాలి, అంత చిన్న ద్వీపం.)

ఆ ద్వీపం మనిషే మా కాంప్లెక్స్‌లో కుళాయిలూ హీటర్లూ బాగుచేసేవాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు మేస్త్రీ. ఆయన మేనల్లుడు వాళ్ళ జట్టుకి గోల్‌కీపర్. ఎన్నడూ లేనిది వాళ్ళ జట్టు అంత పెద్ద టోర్నమెంట్‌కి వచ్చింది, అదీ మాకు దగ్గర్లో ఉన్న స్టేడియానికి. ఇంట్లోవాళ్ళందరికీ టికెట్లు కొనిపెట్టుకున్నారు. తీరా చూస్తే ఒక్కరికీ వీసా రాలేదు, కన్నతల్లికి కూడా. మేస్త్రీ మా సోఫాలో కూర్చుని బతిమాలాడు. "వాడికి భయం వేస్తే అమ్మ ఎక్కడుందా అని చూస్తాడు. ఆ సీట్లు ఖాళీగా కనిపిస్తే వాడి చేతులు ఆడవు. మీరొచ్చి కూర్చోండి." వీసా కోసం గుళ్ళ చుట్టూ ప్రదక్షిణలు చేసిన జాతి మాది, కాదంటామా? "పోదాం పట్రా, పుణ్యముంటది," అన్నాడు మాలో పెద్దవాడైన అన్న. "ఫ్రీ టికెట్‌కి పుణ్యం కూడానా అన్నా?" అన్నాడు బావ. (బావ ఎవరికీ బావ కాదు. బుర్రమీసాల బ్రహ్మచారి.)

మొహాలకి జెండా రంగులు పూసుకుని వెళ్ళాం. తల్లి సీట్లో బావ కూర్చున్నాడు. వాళ్ళ జాతీయగీతానికి పెదవులు కదిపాం. ఆట మొదలయ్యాక, కొత్త సినిమా మొదటి ఆట చూసే అలవాటు కొద్దీ, ఈలలు వేసి కాగితం ముక్కలు ఎగరేశాం. వాళ్ళ కుర్రాడు గోల్ వేశాడని మేం గంతులేస్తుంటే, "ఆఫ్‌సైడ్, అది చెల్లదు," అని మేస్త్రీ మా చొక్కాలు పట్టి కూర్చోబెట్టాడు. అప్పటికే టీవీ కెమెరా మా గంతుల్ని లోకమంతా చూపించేసింది. కాసేపటికి మేస్త్రీకి ద్వీపం నుంచి వాళ్ళక్క ఫోన్. ఆయన నసుగుతూ మాకు చెప్పాడు: "నా సీట్లో ఆ మీసాలాయన ఎవరని అడుగుతోంది." మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆవిడ ఏ గొంతుతో అడిగిందో మాకు వినపడలేదు కదా.

ఆట ఘోరంగా పోయింది. అవతలివాళ్ళు గోల్స్ వేస్తూనే ఉన్నారు, మేం ఈలలు వేస్తూనే ఉన్నాం. అంతా అయ్యాక గోల్‌కీపర్ గ్లవ్స్ విప్పుకుంటూ తిన్నగా మా దగ్గరికే నడిచి వచ్చాడు. కౌగలించుకుంటాడనుకుని బావ చేతులు చాచాడు కూడా. ఆ అబ్బాయి మా రంగుల మొహాలు చూసి, మాకూ అర్థం కావాలనేమో, మేనమామతో ఇంగ్లీషులోనే అన్నాడు.

"ఎందుకు నింపావు మామా? వదిలేస్తే కెమెరా ఆ ఖాళీనే చూపించేది. మా అమ్మని రానివ్వలేదని అందరికీ తెలిసేది."

మేస్త్రీ తల వంచుకున్నాడు. తిరిగొస్తుంటే కార్‌లో, "మంచే చేద్దామని పోయినం కదరా," అని అన్న ఒక్కసారి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, వీసా ఇవ్వనివాళ్ళ మీద కొంచెం, మా మీద ఎక్కువ. ఆవిడకి జరిగిన అవమానాన్ని ఆరుగురం కలిసి ఈలలతో కప్పేశాం, అదీ ఉత్సాహంగా. మొహాన పరాయి జెండా పూసుకుని, పుణ్యం చేశాననుకుని పళ్ళికిలించిన ఆ కుర్రాణ్ణి, ఆనాటి నన్ను, తలచుకుంటే ఇవాళ్టికీ నవ్వొస్తుంది. వాడి చెంప ఛెళ్ళుమనిపించాలనీ ఉంటుంది.