షంషుద్దీన్ భూతద్దం

ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసే షంషుద్దీన్, గ్రాఫిక్స్ కార్డు డబ్బా మీద రాసిన పేరును ఏనాడూ నమ్మడు. బిస్మిల్లా అనుకుని ఫ్యాను ఊడదీసి, మెత్తటి గుడ్డతో చిప్పు తుడిచి, భూతద్దంలో నంబరు చదివితే గానీ నోరు విప్పడు. విప్పాడంటే కంపెనీలకు తిట్లే. ఎవరొచ్చినా ముందు టీ మాత్రం ఇప్పిస్తాడు. ఎన్నికల రోజుల్లో జమ్మలమడుగు నుంచి పార్టీ మనిషి ఓబులేసు ఒక కార్డు పట్టుకుని వచ్చాడు. వాళ్ల నాయకుడి ప్రచారం వీడియోలు ఆగి ఆగి ఆడుతున్నాయట. షంషుద్దీన్ నంబరు చూసి మూతి విరిచాడు.

“చిప్పు ఒకటే అప్పా. పెద్ద దేశాలకు నిండుగా ఇస్తాండారు. ఈడికొచ్చేదాంట్లో సగం పంజెయ్యకుండా మూసేసి, అదే పేరేసి తోల్తాండారు. ఈళ్లు ఏదిచ్చినా కొంటారులే అని కంపెనీవోళ్లు ముందే ప్లానేసుకుంటారు, సిగ్గులేనోళ్లు.”

ఓబులేసు కళ్లు ఎర్రబడ్డాయి. “మా అన్నకే సగందా! దీన్ని అమ్మిన కృపానందం ఎదుటి పార్టీవోడు గదా మామా. ఈ పొద్దు వాని అంగడి ఉండదు.” జీపు తాళాలు అందుకుని లేచాడు.

కృపానందం పిల్లలు గలవాడు. షంషుద్దీన్ గబగబా అరలోంచి ఇంకో కార్డు తీసి, భూతద్దం ఓబులేసు చేతిలో పెట్టాడు. “ఇది ఆ ఎదుటి పార్టీ ఆఫీసుది. రిపేరుకొచ్చింది. నువ్వే చదువప్పా.”

ఓబులేసు రెండు చిప్పుల మీదా ఒక్కో అంకె కూడబలుక్కుంటూ చదివాడు. రెండు నంబర్లూ ఒకటే. అతని ముఖం విప్పారింది.

“వాళ్లదీ సగమేనా! అయితే శానా మంచిది మామా. నా దానికి ఫ్యాను బిగించియ్యి, ఇదే తీస్కపోతా.”

షంషుద్దీన్ స్క్రూడ్రైవరు అందుకున్నాడు. కంపెనీలను తిట్టడానికి ఆ పూట అతనికి నోరు రాలేదు.