ఏ నీళ్ళు పోసుకుంది?

2021లో నేను కోవిల్‌పట్టిలో ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే భాషే గానీ చదివే భాష కాదు. నేనే పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. గడప దాటితే అంతా తమిళమే. అందుకే తెలుగు మాట్లాడే పేషెంటు వస్తే నాకు పండగ. "నీ చుట్టాలొచ్చారు పో" అని తోటి నర్సులు ఆటపట్టించేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం అలాంటి చుట్టాలే వచ్చారు. కయత్తారు పక్క పల్లెలో సేద్యం చేసుకునే వెంకటమ్మ, కుంటుతున్న కోడలు శైలజను పట్టుకుని నడిపించుకొచ్చింది. వెంకటమ్మ కొడుకు రాజు గాలిమరల మెకానిక్. అనంతపురం వైపు గాలిమరలు బిగించడానికి పోయి, గాలిమరతో పాటు అక్కడి పిల్లనీ ఇష్టపడి పెళ్ళి చేసుకొచ్చాడు. పెళ్ళయి ఆరు నెలలు. ఆ పొద్దున శైలజ మొగుడి బండి మీంచి జారి తుంటి మీద పడింది. డాక్టరమ్మ చూసి ఎక్స్‌రే రాసింది.

ఎక్స్‌రేకి పంపే ముందు ప్రతి ఆడమనిషినీ ఎల్.ఎం.పి. అడగడం నా పని. అంటే చివరి నెలసరి ఎప్పుడు మొదలైందో కనుక్కోవడం. కడుపులో బిడ్డ ఉండే అవకాశముంటే, తుంటికి ఎక్స్‌రే తీయాలా వద్దా అని డాక్టరు మళ్ళీ ఆలోచిస్తారు. తప్పదనుకుంటేనే తగిన జాగ్రత్తతో తీస్తారు. అడగ్గానే శైలజ తల దించుకుంది. వెంకటమ్మ ఊరుకుంటుందా!

"ఆస్పత్రిలో సిగ్గేమి పిల్లా? తలకి పోసుకొని ఎన్నాళ్ళాయ, సెప్పు."

శైలజ గొంతు బాగా తగ్గించి, "నీళ్ళోసుకున్నానేమో అత్తా" అంది.

"పోసుకొనిందంటమా! బయం లేదు, సీక్రం పటం తీసి అంపించు" అని వెంకటమ్మ నాకు గట్టిగా చెప్పింది.

మా వైపు తలకి పోసుకుందన్నా, నీళ్ళోసుకుందన్నా నెలసరి వచ్చి వెళ్ళిందనే. హమ్మయ్య, గర్భం లేదన్నమాట అనుకుని రాయడానికి పెన్ను తీశాను. కానీ ఆ 'ఏమో' దగ్గర చెయ్యి ఆగింది. తలకి పోసుకుందో లేదో తెలియనివాళ్ళు ఉంటారా?

"ఏమో ఏంది తల్లీ? పోసుకుంటే పోసుకున్నానను, లేకుంటే లేదను" అన్నాను.

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. "అయ్యో, ఆ నీళ్ళు కాదక్కా! మా పక్క నీళ్ళోసుకుందంటే కడుపుతో ఉందని. నాకు ఈ నెల రాలేదు."

"అడి ఆత్తీ!" వెంకటమ్మ చెయ్యి బుగ్గ మీదికి పోయింది. "మునగలేదని సెప్పాల్సింది పోయి, పోసుకొన్నానంటావే!"

నాకు నవ్వాగలేదు. తమిళంలో గర్భిణిని 'మునగకుండా ఉంది' అంటారు. నెలసరి తలస్నానం లేదని దాని అర్థం. మా ఇళ్ళల్లో తెలుగూ అదే దారిన నడిచింది. శైలజ ఊళ్ళో నీళ్ళు పోసుకుంటే బిడ్డ, మా ఊళ్ళో పోసుకోకపోతే బిడ్డ. ఆ ఒక్క మాట మీద ఆ పిల్ల ఎక్స్‌రే గదిలోకి పోయేదే.

"కానీ అక్కా, పోయిన వారం మందుల షాపులో కడుపు టెస్టు కార్డు తెచ్చి చూసుకున్నా. ఒకే గీత వచ్చింది. బాత్రూములో కూర్చొని ఏడ్చినా" అంది శైలజ. ఆశ చావలేదు, ధైర్యమూ లేదు. అందుకే ఆ 'ఏమో'.

"అప్పటికి నెలసరి రావాల్సిన రోజు దాటిందా?"

"లేదు. ఆగలేకపోయినా."

"తొందరపడ్డావు తల్లీ" అన్నాను. కార్డు పట్టేది గర్భం నిలిచాక మూత్రంలోకి వచ్చే హెచ్.సి.జి. అనే హార్మోనుని. మొదట్లో అది ఉండీ లేనట్టుంటుంది. నెలసరి తేదీ దాటాక, పొద్దున్నే మొదటి మూత్రంతో చూసుకుంటే నమ్మకం ఎక్కువ. అప్పుడూ ఒకే గీత వచ్చి, నెలసరి రాకపోతే, వారం ఆగి మళ్ళీ చూసుకోవాలి. ముందుగా వచ్చిన ఒక్క గీత లేదని చెప్పినట్టు కాదు.

వెంకటమ్మకి ఇంకో అనుమానం. "మావాడు పనిమీదనే తిరుగుతాడే. నాలుగు దినాలు ఇంట్లో ఉంటే దానికే నిలుస్తాదా?"

"ఒక్కసారి చాలత్తా!" అన్నాను నేను. "అండం విడుదలయ్యే రోజుల దగ్గర కలిస్తే చాలు. ఆ రోజులు లెక్కకి అందవు, నెలనెలా మారతాయి."

"అట్లయితే నాలుగు దినాలు శానా ఎక్కువే" అంది వెంకటమ్మ. శైలజ కొంగుతో ముఖం కప్పేసుకుంది.

డాక్టరమ్మకి చెప్పి కార్డు పెట్టాం. ముగ్గురం దాని మీదికి వంగాం. మొదటి గీత ముదురుగా వచ్చింది. రెండోది రాలేదు. శైలజ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెప్పిన టైము అయ్యేలోపే, పలుచగా, రెండో గీత తేలింది.

"లేతగా ఉందే అక్కా?"

"లేతదైనా గీత గీతే!"

రక్త పరీక్షా అదే మాట చెప్పింది. డాక్టరమ్మ తుంటిని మళ్ళీ తడిమి, అడుగులు వేయించి చూసింది. ఎముక విరిగిన గుర్తులేం లేవు, బెణుకే, విశ్రాంతి చాలు, నొప్పి తగ్గకపోతే రమ్మంది. ఎక్స్‌రే ఆగింది. బయట నిలబడ్డ రాజుకి చెప్పగానే, గాలిమర కొసకి ఎక్కి దిగే ఆ మనిషి మెట్ల మీద కూలబడ్డాడు. వెంకటమ్మ నా బుగ్గలు పుణికి, ఆసుపత్రంతా వినపడేలా అరిచింది. నాకూ కళ్ళు చెమర్చాయి, ఏం దాచుకోను!

అప్పటి నుంచీ, చెప్పగలిగిన మనిషి ఎదురుగా ఉంటే పక్కవాళ్ళ జవాబు రాసుకోను. ఆ మనిషినే, ఆమె ఊరి మాటలోనే అడుగుతాను. అర్థమైందనిపించినా ఇంకోసారి అడుగుతాను. ఎక్కువ ప్రశ్నలేస్తానని పేరు పడింది. పడనీ.

ఇప్పుడు విరుదునగర్‌లో పనిచేస్తున్నాను. పోయిన నెల వెంకటమ్మ ఇక్కడి సంతకి మిరపకాయలు తెచ్చి, నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చంకలో మనవరాలు.

"మా శైలజ మళ్ళీ నీళ్ళోసుకొనిందమా!"

నేను పెన్ను తీసి, ముఖం బిగించి అడిగాను. "ఏ నీళ్ళత్తా? మీవా, కోడలివా?"

"కోడలివే! మా ఇంట్ల ఇప్పుడు అందరమూ ఆ నీళ్ళే" అంది వెంకటమ్మ.