పడవలకు ఫోము అతికిన మా బావ

మస్కట్‌లో మా బావ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నాకు రాయడమే అంతంతమాత్రం, అబద్ధం రాయడం అసలే రాదు. ఆయన నా చెల్లె మొగుడు. నోరు మంచిది కాదు.

సిరిసిల్లలో మా మరమగ్గాలు, అదే సాంచాలు, బందైనప్పుడు మస్కట్ పోయి, సముద్రం ఒడ్డున ఒక్క మనిషి కూర్చునే ప్లాస్టిక్ పడవలు బాగుచేసే పని నేర్చాడు. కయాక్ అంటారు వాటిని. తిరిగొచ్చాక, తంగళ్ళపల్లి దిక్కు డ్యాము నీళ్ళలో అలాంటి పడవలు తిప్పే సేటు పిలిచాడు. కూర్చున్నవాళ్ళ నడుములు ఒరుసుకుపోతున్నాయట, లోపల మెత్తగా ఫోము అతకాలి. బావ నన్ను జతకు తీసుకుపోయాడు. ఈ పని నిలబడితే ఇక మస్కట్ పోనని చెల్లెకు మాటిచ్చాడు.

ప్లాస్టిక్‌ను గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, పడవకూ ఫోముకూ గమ్ము పూయాలి. వేలికి అంటనంతగా ఆరేదాకా ఆగి, అప్పుడు వత్తాలి. నావేమో మగ్గం మీద తెగిన పోగును అక్కడికక్కడే ముడేసిన చేతులు. తడిమీదే వత్తాను. ఫోము జారి పక్కకు పోయింది.

"చేతులకు దురదనా బావా? గది తెగిన పోగు గాదు, ఉరికి పట్టుకునేటందుకు. ఆగు!" అని అరిచాడు. ఆయనకూ నేను బావనే.

"నువ్వెన్నడన్న ఆగినవా? చాయ్ సల్లారేదాక ఆగనోనివి."

"చాయ్ ఊడిపోదు గదా!"

గమ్ము ఆరే ఆ కాసేపే మేమిద్దరం కొట్లాడకుండా పక్కపక్కన కూర్చునేవాళ్ళం.

సేటు వచ్చి, జనం ఎదురుచూస్తున్నారు, పడవలు ఇప్పుడే దించమన్నాడు. అతుకు గట్టిపడాలి, పొద్దుటిదాకా దించనన్నాడు బావ. "నువ్వు గాకుంటె ఇంకొకడు" అన్నాడు సేటు. బావ గమ్ము డబ్బా నేలకు కొట్టి లేచాడు.

"ఒక్కపారి తల వంచు బావా, చెల్లె మొకం సూడు" అన్నాను.

"మస్కట్‌ల వంచి వంచి అచ్చిన. ఇంటికాడ గూడ వంచాల్నా?" అన్నాడు.

మళ్ళీ విమానం ఎక్కాడు. పెట్టెలో వచ్చాడు. దండలు వేసినవాళ్ళంతా ఎంత మంచివాడో అన్నారు. మంచివాడైతే ఇచ్చిన మాట మీద ఇంటి దగ్గర ఉండేవాడు.

దినాలయ్యాక సేటు మనిషిని పంపాడు. ఆ ఇంకొకడు అతికిన ఫోము ఊడి నీళ్ళమీద తేలుతోందట. పోనన్నాను.

చెల్లె లోపలి నుంచి అరిచింది. "నువ్వు గూడ గదే రోషమా అన్నా? ఒక్కడు పోయింది సాలదా? ఆరనిస్తెనే చేస్త అని జెప్పి పో."

పోయాను. ఆమెనూ జతకు తీసుకుపోయాను. ఆయన తిట్టి నేర్పినట్టే చేశాను. నాకు ఆయన ఇచ్చిపోయింది ఆ పని ఒక్కటే, అది కాదనను. గమ్ము ఆరింది. "ఇగ వత్తు చెల్లే" అన్నాను. పడవలోకి వంగి, రెండు అరచేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి వత్తింది.

ఫోము అతికింది. చెల్లె చేతులు తీయలేదు.