స్కేలు సారుకు పట్టిన నత్తి

మేం చిన్నగా ఉన్న రోజుల్లో... పదో తరగతి పరీక్ష రాసిన ప్రతి ప్రాణినీ ఆ వేసవికి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పడేసేవారు. నన్ను నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వెళ్ళే దారిలో, ఒక జిరాక్స్ షాపు పైనున్న గదిలో పడేశారు.

గదిలో పన్నెండు మిషన్లు. అన్నింటికీ కలిపి ఒక్క ఫ్యాను. ఆ ఫ్యాను కింద మాస్టరు, ఆయన చేతిలో చెక్క స్కేలు. అసలు పేరు ఫీజు రసీదు మీద ఉండేది గానీ, మాకు ఆయన స్కేలు సారు.

స్కేలు సారుకు ఒక సిద్ధాంతం ఉండేది. టైపుకు బుర్రే శత్రువు. అక్షరం తర్వాత అక్షరం గోడ గడియారంలా సమానంగా పడాలి, అర్థంతో పనిలేదు. "దిమాగ్ చెప్పులకాడ ఇడిసి లోపటికి రాండ్రి" అనేవాడు. ఆయన తనది ఎప్పుడో విడిచాడు... ఇంటికెళ్ళేటప్పుడు తీసుకెళ్ళడం మరిచిపోయాడని నా గట్టి నమ్మకం.

నా పక్క మిషను మీద మా అక్క ఎస్తేరు. డిగ్రీ అయిపోయింది. లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు పోస్టు ఉంది, దానికి తెలుగు టైపులో లోయర్ పరీక్ష పాసై ఉండాలి. అప్పటికే ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే మెదక్‌లో మా మేనత్త నడిపే కుట్టు సెంటరుకు పంపేస్తానని నాన్న తేల్చి చెప్పేశాడు. అక్కకు సూదిలో దారం ఎక్కించడమే రాదు. మేనత్తతో అయితే అసలే పడదు.

అక్క టైపుకు ఒక నడక ఉండేది. చిన్న మాటలు గబగబా దాటేసేది. పొడుగు మాట వస్తే మాత్రం మధ్యలో ఒక్క రవ్వంత ఆగేది. ప్రజా... ప్రతినిధులు. ధ్రువీకరణ... పత్రము. కళ్ళు మూసుకుని విన్నా ఏ ముక్క ఎక్కడ అతికిందో తెలిసిపోయేది. అదే హైదరాబాదు అన్న మాట అయితే ఆగేది కాదు. అదీ అతుకుల పేరే... కానీ రోజూ వాడి వాడి అతుకు అరిగిపోయింది, ఒకే ముద్దలా వేళ్ళలోంచి జారిపోయేది.

ఆ ఆగడమే సారుకు గిట్టేది కాదు. టేబుల్ మీద స్కేలు ఠప్పుమనేది.

"ఏందమ్మా ఎస్తేరు, మిషనుకు నత్తి పట్టిందా? గిట్ల ఆగుకుంట కొడితే పరీక్షల టైమెట్ల సాలుతది?"

"పెద్ద మాటలు కద సార్... జర సూస్కొని కొడుతున్న."

"సూడుమని ఎవలు చెప్పిన్రు? కొట్టు!"

మొదటిసారి పరీక్షలో ఆయన చెప్పినట్టే కొట్టింది పాపం. తలలో స్కేలు దెబ్బలు లెక్కపెట్టుకుంటూ, ఒక్కో అక్షరమే చూస్తూ... ఎక్కడుందో మరిచిపోయి రెండు వరుసలు వదిలేసింది. దానికి సారు తీర్పు "నీకు ధ్యాస లేదు" అని. తన పాఠంలోనే తేడా ఉందేమో అన్న అనుమానం ఆ తలలోకి పోవడానికి దారే లేదు.

రెండో పరీక్ష ఇంకో వారం ఉందనగా, ఒకాయన అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చాడు. అలాంటివి సారు స్వయంగా కొట్టేవాడు. మేమంతా పని ఆపి ఆ మహత్కార్యాన్ని దర్శించుకోవాలి. స్కేలు పక్కన పెట్టి, కాగితం ఎక్కించి మొదలుపెట్టాడు.

నేను కళ్ళు మూసుకున్నాను.

కుటుంబ... సభ్యుల. ఆగాడు! నివాస... ధ్రువీకరణ... పత్రము. రెండుసార్లు ఆగాడు! అచ్చంగా అక్క ఆగే చోటే...

స్కేలు అందుకుని టేబుల్ మీద ఠప్పున కొట్టాను.

"సార్... మిషనుకు నత్తి పట్టింది."

అక్క చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనేడ ఆగిన? ఏడ?"

"మళ్ళ కొట్టుండ్రి సార్, చెప్త."

కొట్టాడు. ఈసారి తన సిద్ధాంతం ప్రకారం, గడియారంలా, అక్షరం తర్వాత అక్షరం. ఒకటిన్నర వరుస నడిచింది. ఒక అక్షరం ఎగిరిపోయింది, ఇంకొకటి రెండుసార్లు పడింది, అక్షరాల కడ్డీలు రెండు ఒకదానికొకటి చిక్కుకుని నిలబడిపోయాయి.

అర్జీ ఆయన గడియారం చూసుకున్నాడు. "సారూ... జర మీ పాత తీరుగనే కొట్టుండ్రి. ఆఫీసు మూస్తరు."

నన్ను ఆ నిమిషమే మెట్లు దింపేశారు. అందుకే ఈ రోజుకీ నాది ఒంటివేలి టైపు. చింత లేదు. అక్క మాత్రం పరీక్షలో తన నడకే నడిచింది. ఆగాల్సిన చోట ఆగింది, పాసైంది. కుట్టు సెంటరుకు మేనత్త ఇంకెవరినో వెతుక్కుంది.

ఇప్పుడా గదిలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నేను సగం మాట కొట్టేలోపే మిగతా సగం నా ఫోనే అందిస్తోంది, ఆగే పనే లేదు. అక్క ఇంకా ఆ ఆఫీసులోనే... కంప్యూటర్ ముందు. ఆ కీబోర్డుకు చప్పుడే తక్కువ. అయినా పక్కన కూర్చుని చెవి పెడితే, 'పత్రము' ముందు ఆ రవ్వంత ఖాళీ ఇంకా వినిపిస్తుంది. స్కేలు సారు మీద నాకు బెంగేం లేదు. ఆ మిషన్ల చప్పుడు మీదే...

మీ ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఒక స్కేలు సారు ఉండే ఉంటాడు. ఆయన టైపు కొడుతుంటే ఎప్పుడైనా కళ్ళు మూసుకుని విన్నారా?