రేపు రండి అన్న రేకు

మా పక్కింటి బాబాయిగారు పోయారని జగదల్‌పూర్ ఆసుపత్రి నుంచి తెల్లవారుతూనే ఫోన్ వచ్చింది. ఇనుప గనుల ఊరు మా బచేలిలో అందరికీ ఆయన బోట్ల పార్కు బాబాయి. వారం తిరక్కముందే ఆ పార్కు గేటుకు స్థలం యజమాని తాళం పడింది. లీజు ఆయనతోనే సరి.

గనిలో రిటైరయ్యాక, అంతకుముందు ఇద్దరు నడపలేక వదిలేసిన పార్కును ఆయన తీసుకున్నారు. చెరువునిండా నాచు, బోట్లకు చిల్లులు. మిగిలింది నలుగురు పనివాళ్ళు. టికెట్లమ్మాయి టికెట్లే ఇచ్చేది, తోటమాలి నీళ్ళే పోసేవాడు. బోటు మునుగుతున్నా నా పని కాదనేవారు. ఆయన ఎవరినీ తీసెయ్యలేదు. రోజుకొకరి చేతికి తాళాలిచ్చారు. ఆ రోజుకు ఆ మనిషే మాలిక్. ఆయనైనా ఆ మాట వినాల్సిందే. "తాళం ఇస్తేగాని చిల్లు కనపడదమ్మా" అనేవారు. పొద్దున్నే గోడ అవతల ఫోన్‌లో ఆయన గొంతు వినిపించేది: "ఈరోజు తాళం ఎవరిది?"

నన్నూ వదల్లేదు. "పప్పు డబ్బాల మీద కూడా తేదీలు రాసుకుంటావటగా, ఏ బోటు ఎప్పుడు బాగుచెయ్యాలో వరస నువ్వు చెప్పు" అన్నారు. ఇంట్లో నా పద్ధతులకు బయట పనుందని మొదట అన్నది ఆయనే. సోమవారం మరమ్మతులకు పెట్టమన్నాను. ఆయన రేకు మీద హిందీలో 'సోమవారం బంద్' అని రాయించి గేటుకు కట్టారు.

మా దగ్గర బంద్ అంటే అడవిలో అన్నల పిలుపే. ఆ మాట బజారంతా పాకింది. సోమవారం షటర్లు లేవలేదు, జీపులు కదల్లేదు. ఆయన్ని ఠాణాలో సాయంత్రందాకా కూర్చోబెట్టారు. తర్వాత చాన్నాళ్ళు పార్కుకు ఎవరూ రాలేదు. ఆ నలుగురికీ కూడు పోతుందనే అనుకున్నాం.

ఆయన రేకు తిరగేసి, మూసి ఉన్న రోజు వచ్చినవాళ్ళకని హిందీలోనూ తెలుగులోనూ 'రేపు రండి' అని రాశారు. ఆ రోజు తాళం ఆవపల్లి నుంచి వచ్చిన టికెట్లమ్మాయిది.

"ఏంది పెద్దయ్యా, దయ్యానికి రాసినట్టు రాసినవ్?"

"దయ్యమైనా సరే, టికెట్ కొంటే రానియ్యి. మాలిక్‌వి నువ్వే కదా!"

అంత భయంలోనూ నవ్వాం. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళ కోసం పొద్దున్నే గేటు తీద్దామన్నది తోటమాలి, తన తాళం రోజున. దాంతో జనం మళ్ళీ వచ్చారు. పార్కు నిలబడింది.

ఊపిరాడని చివరి రోజుల్లోనూ మాస్కు పక్కకు జరిపి నన్ను అదే అడిగారు, ఈరోజు తాళం ఎవరిదని. టికెట్లమ్మాయిదన్నాను. "అయితే పర్లేదు" అన్నారు.

ఇప్పుడు ఆ అమ్మాయి పని వెతుక్కుంటూ నగర్‌నార్ వైపు వెళ్ళిపోయింది. మిగతా ముగ్గురూ రోజుకూలికి పోతున్నారు.

యజమాని తాళం వేశాడు గాని రేకు విప్పలేదు. నిన్న కూరలకు వెళ్తూ చూశాను. బైకు మీద వచ్చిన ఒకతను అది చదివి, ముందు కూర్చున్న పాపతో "రేపంట తల్లీ" అని బండి తిప్పుకున్నాడు. పాప వెనక్కి వంగి, ఊచల్లోంచి బోట్లవైపు చూస్తూనే ఉంది.