బట్ట తాగిన పాలు

పాలపొడి వాసన తగిలితే చాలు, నాగమల్లేశ్వరికి పెడన గుర్తొచ్చేది. పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో అక్కడి ప్రసూతి కేంద్రంలో ఆవిడ ఆయా. అబ్బ, ఏం రోజులవి! సీసా పట్టుకెళ్తే ఎర్రమందు ఊరికే, కాన్పు ఊరికే, పిల్లలకు టీకాలు ఊరికే. వాటన్నిటికీ మించి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు పొద్దున్నే పెద్ద గ్లాసుడు పాలు. గంగాళంలో పొడి ఉండ కట్టకుండా కలపడంలో నాగమల్లేశ్వరి చెయ్యి తిరిగిన మనిషి. ఒక్కటే షరతు. ఆ పాలు అక్కడే తాగాలి, ఇంటికి పట్టుకెళ్ళకూడదు. ఇంటికెళ్తే అవి ఎవరి గొంతులో పడతాయో ఆవిడకు తెలియందా?

కలంకారీ అద్దకం పనిచేసే శోభనాద్రి భార్య వెంకాయమ్మకు అప్పుడు ఆరో నెల. అంతకుముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకే ఆ అమ్మాయికి గ్లాసు నిండా పోసి, పైన మరో అరగ్లాసు వంపేది నాగమల్లేశ్వరి. అయినా మనిషి నానాటికీ పీక్కుపోతోంది. "ఈసారీ బిడ్డ ఎదగట్లేదు" అని నర్సమ్మ పెదవి విరిచింది. ఆ పూట నాగమల్లేశ్వరికి అన్నం సహించలేదు.

ఓ రోజు శోభనాద్రి చంకలో బట్ట పెట్టుకుని చరచరా వచ్చాడు.

"ఏవండీ ఆయమ్మగారూ, మీ గవర్నమెంటు పాలు ఉత్త నీళ్ళండీ. రంగు ఎలా పాకిందో చూడండి."

అద్దకానికి ముందు బట్టను కరక్కాయ కలిపిన గేదె పాలలో నానబెడతారు. పాలలో వెన్న ఉంటేనే రంగు గీత దాటకుండా నిలబడుతుంది. ఇవేమో వెన్న తీసిన పాలు. పువ్వులన్నీ ఒకదానిలోకొకటి కారి ముద్దయిపోయాయి. నాగమల్లేశ్వరికి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే అనుమానమొచ్చింది.

"ఈ పాలు మీకెక్కడివి శోభనాద్రిగారూ?"

"మా గేదె వట్టిపోయింది కదండీ. మా ఆవిడ తాగాక ఇంటికి ఇంకో చెంబుడు ఇస్తున్నారంటగా."

"ఇంటికి ఎవరికీ చుక్క ఇవ్వమండీ. అవి మీ ఆవిడ తాగాల్సినవి."

శోభనాద్రి బట్టను ఉండచుట్టి పక్కన పడేసి అరుగు మీద కూర్చుండిపోయాడు. నాగమల్లేశ్వరికి తన మీద తనకే ఒళ్ళు మండింది. గంగాళం మీద పెట్టిన కళ్ళు ఆ పిల్ల కొంగుచాటు చెంబు మీద పెట్టలేదు మరి.

మర్నాడు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. అంతమంది ఆడవాళ్ళ మధ్య అతను సిగ్గుపడుతూనే నిలబడ్డాడు. వెంకాయమ్మ గ్లాసు అందుకుని మొగుడి వంక చూసింది.

"మరి బట్టకీ?"

"బట్టదేముంది, మళ్ళీ అద్దుకుందాం. నువ్వు తాగు."

నెలలు నిండేదాకా రోజూ వచ్చి అలాగే నిలబడ్డాడు. ఆడపిల్ల పుట్టింది. ఏడుస్తున్న బిడ్డను నాగమల్లేశ్వరి తూకం పళ్ళెంలో పడుకోబెట్టింది. పళ్ళెం కిందికి దిగుతోంది గానీ, కళ్ళ నిండా నీళ్ళు, ముల్లు కనపడి చస్తేనా? "ఎంతుందండీ?" అని బయటి నుంచి శోభనాద్రి అడుగుతూనే ఉన్నాడు.