యోనాస్ జ్ఞాపకార్థం

అమెరికాలోని హెర్న్‌డన్‌లో మా తెలుగు సంఘం ఆరాధన ఆదివారం మధ్యాహ్నం జరుగుతుంది. అదే హాల్లో పొద్దున ఇథియోపియావాళ్ల ఆరాధన. వాళ్లు బయటికి వచ్చే వేళకే లూసీగారు వచ్చి, అమ్హారిక్ భాషలో అందరినీ పలకరించేవారు. వయసులో ఉండగా ఆవిడ భర్తతో కలిసి ఇథియోపియా వెళ్లి, ఒక కొండ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పారు. భర్త పోయాక కూతురు పర్సిస్ దగ్గరికి వచ్చేశారు.

ఆ ఇథియోపియా సంఘంలో ఆవిడకు బాగా దగ్గరైనవాళ్లు ఇద్దరు. అల్మాజ్‌ది అమ్హారా జాతి, అబ్రెహెత్‌ది తిగ్రాయ్. ఇద్దరూ చర్చి వంటగదిలో కబుర్లాడుకుంటూ కాఫీ గింజలు వేయించేవారు. ఇంతలో ఇథియోపియాలో అంతర్యుద్ధం వచ్చి పడింది, ఆ రెండు జాతులూ చెరోవైపు. అల్మాజ్ తమ్ముడు సైన్యంలో పోయాడు. అబ్రెహెత్ అన్నని ఇంటి ముందే కాల్చేశారు. అబ్రెహెత్ ఆ చర్చికి రావడం మానేసింది. యుద్ధం ఆగినా ఇక్కడ ఏటా జాతికొకటిగా రెండు సంస్మరణ సభలు జరుగుతూనే ఉన్నాయి. లూసీగారు రెండింటికీ వెళ్లారు.

“వాళ్ల సభకీ వెళ్లారటగా టీచర్?” అని అడిగింది అల్మాజ్. “మావాళ్ల గురించి ఒక్క మాటైనా అన్నారా వాళ్లు?”

అక్కడ ఎవరూ అనలేదు. అల్మాజ్ వాళ్ల సభలోనూ అవతలివాళ్ల ఊసు రాలేదు.

“అమ్మా, వాళ్ల ఫైట్‌లో నువ్వు ఇన్వాల్వ్ అవ్వకు,” అంది పర్సిస్ కారు నడుపుతూ.

“నా క్లాసులో యోనాస్ అని ఒకడుండేవాడే,” అన్నారు లూసీగారు. కూతురికి కూడా ఎన్నడూ చెప్పని సంగతి అది.

అప్పట్లో అక్కడ సైనిక ప్రభుత్వం. కరపత్రాలు పంచాడని ఆ అబ్బాయిని కాల్చి, శవాన్ని బజార్లో పడేశారు. అటువంటివాళ్ల కోసం ఇంటివాళ్లు ఏడవకూడదని ఆజ్ఞ. స్కూలుకు వెళ్తున్న లూసీగారు ఆ శవాన్ని చూసి నిలబడిపోయారు. పక్కనే ఉన్న యోనాస్ తల్లి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఏడవకండి టీచర్, మా చిన్నవాణ్ణి కూడా తీసుకుపోతారు,” అంది. లూసీగారు కన్నీళ్లు మింగి, వెళ్లి పాఠం చెప్పారు.



మర్నాడు లూసీగారు పాస్టర్ జూడ్‌కి ఫోన్ చేశారు. “ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి బాబూ.”

“ఎవరి పేరున ఆంటీ?”

“నా స్టూడెంట్.”

“అయ్యో! ఎప్పుడు పోయారు?”

“నువ్వు పుట్టకముందు.”

అల్మాజ్‌నీ అబ్రెహెత్‌నీ పిలిచారు. అవతలి మనిషీ వస్తోందని ఇద్దరికీ ముందే చెప్పారు. అయినా వచ్చారు. గదిలో చెరో మూలా కూర్చున్నారు. పాట అయ్యాక లూసీగారు లేచి, మాకు తెలుగులోనూ వాళ్లకు అమ్హారిక్‌లోనూ యోనాస్ సంగతి చెప్పారు.

“వాడిది ఏ జాతో నేనడగలేదు. ఇప్పటికీ తెలీదు. వాళ్లమ్మని ఏడవనివ్వలేదు,” అంటూ ఆవిడ కుర్చీలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. పర్సిస్ వచ్చి తల్లి భుజం పట్టుకుంది.

ప్రార్థనకు ముందు జూడ్ ఇంగ్లీషులో, ఇంకా ఎవరినైనా తలచుకోవాలా అని అడిగాడు.

“హగోస్. మా అన్న,” అంది అబ్రెహెత్.

అల్మాజ్ పెదవులు బిగించుకుని గోడకేసి చూసింది. చివరికి, “దావిత్,” అంది. ఆ మూడు పేర్లూ జూడ్ తెలుగు ప్రార్థనలో తడబడుతూ పలికాడు.

ఆ పూట వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. అల్మాజ్ భోజనానికి ఆగకుండా వెళ్లిపోయింది. ఇప్పటికీ వాళ్ల మధ్య మాటల్లేవు. మళ్లీ ఏడాది లూసీగారు కూడిక పెడితే మాత్రం ఇద్దరూ వచ్చారు. అబ్రెహెత్ ఈసారి తన ఊరివాళ్ల పేర్లు మరి రెండు చెప్పింది. అల్మాజ్ తల వంచుకుని, చివరిదాకా వింది.